బెయిలు డబ్బు లేని ఇల్లినాయ్‌లో

చికాగో శివారులోని మా నేపర్‌విల్‌లో ఏ తెలుగు ఇంట విందుకు వెళ్లినా ఒక మాట వినిపిస్తోంది: "బెయిలు ఎత్తేశారు, ఇక దొంగలదే రాజ్యం." ఆ మాట విని నేను ఊరుకోలేను. గృహహింస కేసుల్లో మన ఆడపిల్లలకు తోడుగా వీటన్ కోర్టుకు వెళ్తుంటాను. పాత పద్ధతి ఎవరిని కాపాడిందో దగ్గరగా చూశాను.

అప్పట్లో బెయిలు 50,000 డాలర్లు అంటే అందులో పదో వంతు, 5,000 కడితే చాలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అదేమంత కష్టం? స్నేహితులు సాయంత్రానికల్లా పోగుచేసేవారు. ఒకసారి ఆ డబ్బు భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలోంచే వెళ్లింది. దెబ్బలు తిన్న మనిషి సంపాదనతోనే కొట్టినవాడు బయటికి వచ్చాడు. అదే కోర్టులో చిల్లర దొంగతనం చేసిన కుర్రవాడు కొన్ని వందలు కట్టలేక లోపలే ఉండిపోయేవాడు.

2023 సెప్టెంబరు 18 నుంచి ఇల్లినాయ్‌లో నగదు బెయిలు లేదు. దాన్ని పూర్తిగా రద్దుచేసిన మొదటి రాష్ట్రం ఇదే. అందరినీ వదిలేస్తున్నారన్నది అబద్ధం. గృహహింస, సాయుధ దోపిడీ వంటి కేసుల్లో నిందితుణ్ణి నిర్బంధంలోనే ఉంచమని ప్రాసిక్యూటర్ పిటిషన్ వేయవచ్చు. ఒకటి రెండు రోజుల్లో విచారణ జరుగుతుంది. అతడివల్ల ప్రమాదం ఉందని గట్టి సాక్ష్యంతో నిరూపిస్తే, ఎంత డబ్బున్నా బయటికి రాలేడు. అయితే ప్రాసిక్యూటర్ అడగకపోతే ఆ దారి తెరుచుకోదు. అందుకే పోలీసులు వచ్చిన రాత్రే, భయమేసినా సరే, జరిగిందంతా చెప్పమని మన ఆడపిల్లలను బతిమాలుతుంటాను.

తుపాకుల సంగతి నన్ను ఇంకా ఎక్కువ కలవరపెడుతుంది. 2022 జులై 4న చికాగో దగ్గరి హైలాండ్ పార్క్ ఊరేగింపుపై కాల్పుల్లో ఏడుగురు చనిపోయాక, 2023 జనవరిలో ఇల్లినాయ్‌లో అసాల్ట్ ఆయుధాల (సైనిక తరహా తుపాకుల) అమ్మకాన్ని నిషేధించారు. మంచిదే. కానీ నేను చూసే ఇళ్లలో భయం పడకగది అలమారాలోని పిస్తోలుతో. గ్రీన్ కార్డు వచ్చాక సరదాకో, దొంగల భయంతోనో కొన్నవి. (హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టం తుపాకీ ఉంచుకోనివ్వదు. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరేం చెప్పినా నమ్మకండి.)

చికాగో లిటిల్ విలేజ్‌లో 2023 జులైలో ఒక తల్లీ కూతురూ ఆ ఇంటాయన తుపాకీకి బలయ్యారు. ఆమె చేతిలో ప్రొటెక్షన్ ఆర్డరు, అంటే అతడి నుంచి రక్షణకు కోర్టు ఇచ్చిన ఉత్తర్వు, ఉంది. తుపాకీ ఉంచుకోవడానికి రాష్ట్రం ఇచ్చే ఫోయిడ్ కార్డు అతడికి రద్దయింది. తుపాకీ మాత్రం ఇంట్లోనే ఉంది. కార్డు రద్దుచేసి ఆయుధాన్ని అక్కడే వదిలేయడం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ తల్లి పేరుతో వచ్చిన కరీనా చట్టంపై 2025 ఫిబ్రవరిలో గవర్నర్ ప్రిట్జ్‌కర్ సంతకం చేశారు. ఇప్పుడు బాధితురాలు కోరి, తగిన ఆధారం ఉంటే, జడ్జి సోదా వారంటు ఇస్తారు. పోలీసులు 96 గంటల్లోగా వెళ్లి తుపాకులు స్వాధీనం చేసుకోవాలి.

కోరితేనే సుమా. ప్రొటెక్షన్ ఆర్డరుకు దరఖాస్తు చేసేటప్పుడు తుపాకుల ప్రశ్న వస్తే, "ఆయన పరువు పోతుందేమో" అని ఖాళీగా వదిలేయకండి. ఎన్ని ఉన్నాయో, ఏ గదిలో ఉన్నాయో, కారులో పెడతాడో, తాళం ఎవరి దగ్గర ఉంటుందో తెలిసినంతవరకు రాయండి. రాయడానికి మాట తోచకపోతే తెలుగు దుబాసీ కావాలని కోర్టును అడగండి.