రెండు మామిడాకులకు తేడా ఎలా చెప్పాలి? విశేషణాల బోధనలో నా అనుభవం

మా ప్రాథమిక పాఠశాలలో మూడు, నాలుగు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. నామవాచకం, సర్వనామం, క్రియ వరకు పాఠం సాఫీగానే సాగింది గాని, విశేషణం దగ్గర బండి ఆగిపోయింది. "నామవాచకాల గుణాలను తెలిపే పదాలను విశేషణాలు అంటారు" అని తడుముకోకుండా అప్పజెప్పే పిల్లలు, ఉదాహరణ అడిగితే మాత్రం మంచి బాలుడు, మంచి ఆవు, మంచి బడి అంటూ "మంచి"ని దాటి అడుగు వేసేవారు కాదు. ఎదురుగా ఒక్క ఆవు బొమ్మే ఉన్నప్పుడు దానిని ఆవు అంటే చాలు, మరో మాటతో పనేముంది? ఒకేలాంటివి రెండు ఉండి, వాటిలో ఒకదానిని వేరుచేసి చూపవలసి వచ్చినప్పుడే విశేషణంతో నిజమైన అవసరం పడుతుంది. ఆ అవసరాన్ని తరగతిలో కల్పించాలని నిశ్చయించుకున్నాను.

పిల్లలను ఆవరణలోకి పంపి తలా ఒక రాలిన ఆకు తెమ్మన్నాను. వేప, రావి, కానుగ, బాదం, మామిడి ఆకులన్నీ బల్ల మీద కలిపి పరిచాక, ప్రతి ఒక్కరూ తమ ఆకును చేత్తో చూపకుండా, చెట్టు పేరు పలకకుండా, మాటలతోనే చెప్పాలని, మిగిలినవారు దానిని వెతికి పట్టుకోవాలని నియమం పెట్టాను. మొదట లేచిన పిల్లవాడు "పచ్చని ఆకు" అన్నాడు. ఒకేసారి అరడజను చేతులు అరడజను ఆకుల మీద పడ్డాయి. ఆ గందరగోళమే నాకు కావలసింది. ఆ తరువాత పొడవైన తోక ఉన్న ఆకు, రంపపు అంచు ఆకు, నున్నని ఆకు, వెడల్పాటి ఎర్రటి ఆకు అంటూ రావి, వేప, కానుగ, బాదం ఆకులు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

అసలు ఫలితం మామిడాకులు మాత్రమే మిగిలినప్పుడు వచ్చింది. రంగు, ఆకారం అన్నీ ఒకటే కాబట్టి ఆ మాటలు అక్కరకు రావు. ఒక అమ్మాయి తన ఆకును చాలాసేపు తేరిపార చూసి, "పురుగు కొట్టిన ఆకు టీచర్" అన్నది. వెంటనే చిరిగిన ఆకు, ముడుచుకున్న ఆకు, ఎండిన ఆకు వరుసకట్టాయి. క్రియ నుంచి పుట్టిన ఇటువంటి విశేషణాలను నేను ఆ తరగతులకు చెప్పదలచుకోలేదు. పై తరగతులకు వదిలేద్దామనుకున్నవి వాటంతట అవే వచ్చాయి.

నల్లబల్ల మీద రాయించేటప్పుడు మరో చిక్కు ఎదురైంది. ఆకు ఎలా ఉందని అడిగితే "నున్నగా ఉంది" అనడం పిల్లలకు అలవాటు కనుక, విశేషణం రాయమన్నా "నున్నగా" అనే రాశారు. "నున్నగా ఆకు", "నున్నని ఆకు" అని రెండూ పైకి చదివించాను. మొదటిది చెవికే ఎబ్బెట్టుగా తగలడంతో వారే నవ్వుకొని దిద్దుకున్నారు. అప్పటి నుంచి "ఎలా ఉంది?" అని కాక "ఎలాంటి ఆకు?" అని అడుగుతున్నాను, ప్రశ్న మారితే జవాబులోని రూపం చాలావరకు దానంతటదే మారుతుంది. అందం నుంచి అందమైన, బలం నుంచి బలమైన వస్తాయని చెప్పిన రోజున ఒకడు "కోపమైన టీచర్" అని రాశాడు. సూత్రాన్ని చక్కగానే పట్టుకున్నాడు, భాష ఒప్పుకోలేదంతే. దానిని కొట్టివేయకుండా పక్కన "కోపిష్టి" అని రాసి ఊరుకున్నాను.

పొడుపుకథలు కూడా బాగా పనికివచ్చాయి. "మడిలో విత్తనాలు, చేత్తో చల్లడం, నోటితో ఏరుకోవడం" అని చెబితే ఎవరికీ అంతు చిక్కలేదు. "తెల్లని మడిలో నల్లని విత్తనాలు" అనగానే వెనుక వరుస నుంచి "పుస్తకం!" అన్న కేక వినిపించింది. రుచుల కోసం చింతపండు, బెల్లం, కాకరకాయ ముక్కలు పెట్టి చేయించిన ఆట మాత్రం సందడికే ఎక్కువ, చదువుకు తక్కువ. బెల్లం అయిపోగానే విశేషణాలూ అయిపోయాయి.

చివరగా పలక మీద రాసే పనిగా, పోయిన వస్తువు గురించి ప్రకటన రాయమన్నాను. వస్తువు అందరికీ ఒకటే, గొడుగు. "మంచి నల్ల గొడుగు పోయింది" అని రాసినవారిని, వానాకాలంలో మన బడి గుమ్మం దగ్గర నల్ల గొడుగులు ఎన్ని ఉంటాయని అడిగాను. రెండోసారి రాసినప్పుడు చువ్వ విరిగిన, పిడి ఊడిన, ఎర్రదారంతో కుట్టిన గొడుగులు కనిపించాయి. మూడో తరగతిలో కొందరు ఇప్పటికీ "నున్నగా" దగ్గరే తచ్చాడుతున్నారు. వారితో వచ్చే వారం మళ్ళీ ఆకులాట ఆడించాలి, ఈసారి మామిడాకులతోనే.