గాలికొండ వాలులో వాన నడక: ఈ ఏడాది మూడవది

ఈ వర్షాకాలంలో మా కుటుంబం చేసిన మొదటి రెండు నడకలూ బాటల మీదనే సాగాయి. ఈసారి విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే దారిలోని అనంతగిరి కొండలలో, గాలికొండకు దిగువన, మాకు పరిచయమున్న ఒక గిరిజన రైతు కాఫీ తోటలో బయలుదేరి, బాట లేని వాలు మీదుగా పైనున్న గట్టు చేరాలనుకున్నాము. నేను, నా భార్య, పదకొండేళ్ల మా అమ్మాయి, మా వీధిలో పుట్టి మా ఇంట పెరిగిన చుక్క అనే కుక్క, ఇదీ మా జట్టు. అభయారణ్యాలలోకి పెంపుడు కుక్కలను రానివ్వరు కనుక, రైతు అనుమతితో నడవగలిగిన ఈ చోటును ఎంచుకున్నాము.

విశాఖపట్నంలో ఉక్కపోస్తున్నా, ఎత్తు 1000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. గత నడకలో అమ్మాయి తడిసిన నూలు చొక్కాతో వణికిపోయింది కాబట్టి ఈసారి అందరమూ త్వరగా ఆరే పాలిస్టర్ చొక్కాలు వేసుకుని, ఒక్కొక్కరికి ఒక పొడి జతను మందపాటి ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టుకున్నాము. ఈ మార్పు పూర్తిగా ఫలించింది. ఫోనులోని పటం మాత్రం అంతగా అక్కరకు రాలేదు. తడిసిన తెర వేలికి పలకదు. అందుకే సిల్వర్ ఓక్ చెట్లకు ఎర్ర గుడ్డ పీలికలు కట్టుకుంటూ వెళ్లి, తిరుగుదారిలో వాటన్నిటినీ విప్పి తెచ్చుకున్నాము.

ఎక్కడానికి గంటా యాభై నిమిషాలు పట్టింది, దిగడానికి రెండు గంటల ఇరవై నిమిషాలు. ఇక్కడి ఖొండలైట్ రాయి శిథిలమై ఏర్పడిన ఎర్రమట్టి వానకు సబ్బులా జారుతుంది, నాచు పట్టిన బండలు అంతకంటే ప్రమాదం. ఎక్కేటప్పుడు చుక్క తాడును నా భార్య నడుముకు కట్టుకుంది, అది ముందుండి లాగుతుంటే ఆమెకు సాయంగానే ఉంది. దిగేటప్పుడు మొదటి బండ మీద నుంచే చుక్క దూకింది, ఆ ఊపుకు ఆమె జారి కూలబడింది. దెబ్బ తగలలేదు గాని నాకు గుండె ఆగినంత పనైంది. వెంటనే తాడును నడుము నుంచి విప్పాము. ఆ తరువాత నిటారు చోట్ల నేను ముందు దిగి నిలబడితే, చుక్క ఛాతీ పట్టీకి ఉన్న పిడిని పట్టుకుని ఆమె దానిని కిందికి అందించింది. వాలులో కుక్క తాడును నడుముకు కట్టుకోవడం తప్పని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

గట్టు చేరకుండానే, మరో 60 మీటర్ల ఎత్తు మిగిలి ఉండగా వెనుదిరిగాము. మా దారికి అడ్డంగా ఒక గెడ్డ, అంటే కొండవాగు, ఉంది. "గెడ్డ నీరు ఎర్రబడితే దాటొద్దు బాబూ, పైన వాన కురిసినట్టే" అని రైతు ముందే హెచ్చరించారు. వాన జోరందుకోగానే ఆ మాట గుర్తుకు వచ్చింది. మేము చేరేసరికి గెడ్డ మోకాలి లోతులో, ఇంకా తేటగానే ఉంది. దాటి తోటకు వచ్చిన అరగంటకు ఎర్రటి నీరు రాళ్లను దొర్లించుకుంటూ పోయింది. ఆ హోరును అమ్మాయి చాలాసేపు కదలకుండా విన్నది.

ఇంటికి వచ్చాక చుక్క చెవులలో, వేళ్ల సందులలో వెతికితే నాలుగు పిడుదులు దొరికాయి. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, మెలి తిప్పకుండా నిదానంగా లాగి తీశాము. పాత వార్తాపత్రికలు కుక్కిన బూట్లు ఆరడానికి రెండు రోజులు పట్టింది. మిగిలిన ఆ 60 మీటర్లను వానలు తగ్గాక, గెడ్డ దాటనవసరం లేని తూర్పు వైపు నుంచి ఎక్కుతాము.