పోల్ కాడ కూసోండ్రి మేడం

మా బడి పిల్లల ఆటల ఫోటోలు తీసే పని నాకెందుకు వచ్చిందంటే, స్టాఫ్‌లో కెమెరా ఉన్నది నా ఒక్కదానికే కాబట్టి. హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు కొత్త మిర్రర్‌లెస్ కెమెరా కొనుక్కొని, తన పాత కెనాన్ 1500డీని, దాంతో వచ్చిన రెండు లెన్సులని నా చేతిలో పెట్టాడు. ఒకటి దగ్గరివి తీసే 18-55, ఇంకోటి దూరంవి దగ్గరికి లాగే 55-250. నేను చెప్పేది లెక్కలు. నల్లగొండలో ఉంటాను, రోజూ బస్సెక్కి పక్క మండలంలోని జిల్లా పరిషత్ హైస్కూల్‌కి వెళ్లొస్తాను. ఎస్‌జీఎఫ్, అంటే స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలకి మండల స్థాయి సెలక్షన్లు మా గ్రౌండ్‌లోనే అని తేలగానే పీఈటీ సారు స్టాఫ్ రూమ్‌కి వచ్చి, "మేడం, జర కెమెరా పట్టుకొస్తే మీకు పుణ్యముంటది" అన్నారు. అలా మొదలైంది.

ఆటల ఫోటోల గురించి యూట్యూబ్‌లో వెతికితే దొరికేవన్నీ ఫుట్‌బాల్, క్రికెట్, బాస్కెట్‌బాల్. మా పిల్లలు ఆడేది కబడ్డీ, ఖోఖో. అక్కడ చెప్పిన సెట్టింగులు ఇక్కడా పనికొస్తాయి. ఎక్కడ కూర్చోవాలన్నది మాత్రం వాళ్లెవరూ చెప్పరు. నాకు తెలిసినంతలో సగం పని ఆ కూర్చునే చోటుతోనే అయిపోతుంది. అయినా ముందు సెట్టింగుల సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ నన్ను అడిగేది అదే.

లెక్కల టీచర్‌ని కదా, లెక్కతోనే చెప్తాను. 100 మీటర్లని 16 సెకన్లలో పరిగెత్తే పిల్ల సెకనుకి 6.25 మీటర్లు పోతుంది. షట్టర్ 1/125లో, అంటే సెకనులో 125వ వంతు తెరిచి ఉండేలా పెడితే, అది తెరుచుకొని మూసుకునే లోపే ఆ పిల్ల 5 సెంటీమీటర్లు జరిగిపోతుంది. ఇక మొహం ఎక్కడ నిలుస్తుంది, ఫోటోలో అంతా అలుక్కుపోయి వస్తుంది. అదే 1/1000 పెడితే జరిగేది 6 మిల్లీమీటర్ల చిల్లర. చేతులు, కాళ్లు ఒంటికంటే వేగంగా ఆడతాయి కాబట్టి అప్పుడు కూడా వేళ్ల చివర్లు కొంచెం మసకగా ఉండొచ్చు. అది బాగానే ఉంటుంది, పరుగు తెలుస్తుంది. ఈ లెక్కని ఎనిమిదో తరగతి బోర్డు మీద కూడా వేశాను. రైలు ప్లాట్‌ఫాం దాటే లెక్కకి నిద్రపోయే వెనక బెంచీ మొత్తం దీనికి లేచి కూర్చుంది.

లెన్సు మీద ఐఎస్ అని ఉంటుంది చూడండి, అది మన చెయ్యి వణుకుని సర్దుతుంది, పిల్లల పరుగుని కాదు. కాబట్టి దాన్ని నమ్ముకొని షట్టర్ తగ్గించొద్దు. డయల్‌ని Tv అని రాసి ఉన్న చోటికి, అంటే షట్టర్ మనమే పెట్టుకునే మోడ్‌కి తిప్పి, 1/1000 పెట్టి, ఐఎస్‌ఓని, అంటే వెలుగు తక్కువైతే ఫోటోని పెంచి చూపే నంబర్‌ని, ఆటోకి వదిలేస్తాను. మంచి ఎండలో అది 100, 200 దగ్గరే ఉంటుంది. మబ్బు పట్టినా, చెట్టు నీడలో ఆడినా పెరుగుతుంది. సాయంత్రం ఫైనల్స్ టైముకి 3200 దాకా కూడా పోతుంది, ఫోటోలో ఇసుక చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. చుక్కలున్న మొహమైనా మొహమే. అలుక్కుపోయిన మొహంతో చేసేదేమీ లేదు. మరీ చీకటి పడితే 1/500కి దిగుతాను, అంతకన్నా కిందికి పోను.

ఫోకస్ ఏఐ సర్వోలో, అంటే కదిలే మనిషిని వెంటాడే పద్ధతిలో, ఫోకస్ పాయింట్ నట్టనడుమది. ఈ కెమెరాలో ఉన్నవి తొమ్మిది పాయింట్లు, వాటిలో గట్టిది మధ్యదే. ఇక నొక్కి పట్టుకుంటే సెకనుకి మూడు ఫోటోలు తీస్తుంది. వినడానికి చాలనిపిస్తుంది గానీ, కబడ్డీలో ఒక టచ్ అయిపోవడానికి అంత సేపు పట్టదు. రెండో ఫోటోకి, మూడో ఫోటోకి మధ్యే పాయింట్ వచ్చేస్తుంది. కాబట్టి కెమెరా చూసుకుంటుందిలే అని వేలు అలా పెట్టేసి కూర్చుంటే కుదరదు. ఇప్పుడు జరగబోతుంది అని ముందే తెలియాలి. ఆట తెలిస్తేనే అది తెలుస్తుంది, ఆట తెలిసింది పిల్లలకి.

సెలక్షన్ల రోజు ఖోఖో కోర్టు పక్కన, సరిగ్గా మధ్య గీతకి ఎదురుగా కుర్చీ వేశారు నాకు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, మా టీంలో మంచి చేజర్, అంటే తరిమే పిల్ల, బూట్ల లేసులు కట్టుకుంటూ నన్ను కాసేపు చూసి, "గాడ కూసుంటే మా ఈపులే పడతయి మేడం. పోల్ కాడ కూసోండ్రి. ఎవ్వరైనా ఆడికే వచ్చి దొరుకుతరు" అంది.

ఆ మాట వెనక ఆట రూలంతా ఉంది. ఖోఖోలో రెండు చివర్లా ఉండే పోళ్ల నడుమ, ఎనిమిది మంది మధ్య లైన్ మీద వరసగా కూర్చుంటారు, ఒకరి మొహం ఇటుంటే పక్కవాళ్లది అటు. తొమ్మిదో మనిషి తరుముతుంది. రన్నర్ ఆ కూర్చున్నవాళ్ల మధ్య నుంచి ఎటు కావాలంటే అటు దూరిపోవచ్చు. తరిమే పిల్ల మాత్రం లైన్ దాటకూడదు. ఒక దిక్కుకి కదిలిందంటే వెనక్కి తిరగకూడదు. తిరగాలంటే పోల్ దాటాల్సిందే, లేదంటే కూర్చున్న ఇంకొకరికి ఖో ఇచ్చి తను ఆ చోట కూర్చోవాలి. అంటే లైన్ మధ్యలో పరుగంతా ఎటు తిరుగుతుందో మనం పట్టలేం, పోల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం దారులు తగ్గిపోతాయి. రన్నర్ పోల్ చుట్టూ తిరిగి తప్పించుకోవాలని చూస్తుంది, చేజర్ అక్కడే దూకుతుంది.

అందుకని ఇప్పుడు పోల్‌కి నాలుగైదు మీటర్లు అవతల, కొంచెం పక్కకి కూర్చుంటాను. నేరుగా వెనక కూర్చోకూడదు, ఆ ఊపులో వచ్చే పిల్ల మన మీదే పడుతుంది, దెబ్బ తగిలేది వాళ్లకే. పీఈటీ సారుని అడిగి, గీతలకి బాగా అవతల చోటు చూసుకోవాలి. జూమ్ 100 దగ్గర పెట్టి, ముందే పోల్ మీద ఫోకస్ చేసి, లెన్సు పక్కనున్న స్విచ్‌ని ఎంఎఫ్‌కి, అంటే మాన్యువల్ ఫోకస్‌కి జరిపేస్తాను. ఇక కెమెరా ఫోకస్ కోసం వెతుక్కోదు. ఆట మన దగ్గరికి రావడమే తరువాయి.

వస్తుంది కూడా. ఎడమ చేత్తో పోల్ పట్టుకొని, ఒళ్లంతా బయటికి విసిరేసి, కుడి చెయ్యి చాపుతుంది చేజర్. రెండు జడలూ గాల్లో ఉంటాయి, ఒక రిబ్బన్ ఊడి వేలాడుతుంటుంది. ఒక కాలు పోల్ మొదట్లో, ఇంకో కాలు నేల మీద లేదు. రన్నర్ నడుము వెనక్కి పీల్చుకొని విల్లులా వంగుతుంది. ఆ వేళ్లకి, ఈ చొక్కాకి మధ్య జానెడు సందు. ఆ సందు ఉన్న ఫోటోనే నాకు కావాల్సింది. వేళ్లు తగిలాక తీసిన దాంట్లో ఆట అప్పటికే అయిపోయి ఉంటుంది.

కబడ్డీ కొంచెం తిరకాసు. కూతకి వెళ్లే పిల్లవాడి మొహం కావాలంటే అవతలి టీం వెనకాల, మూల దగ్గర కూర్చోవాలి. అప్పుడు వాడు మన వైపే వస్తాడు, కళ్లు డిఫెండర్ల కాళ్ల మీద ఉంటాయి, బోనస్ లైన్ కోసం కాలు చాపడం కూడా ఎదురుగా కనిపిస్తుంది. కానీ పట్టుకున్నారనుకోండి, వాడు వెంటనే మధ్య గీత వైపు తిరిగి పడతాడు. నలుగురు మీద పడి లాగుతుంటే గీత మీదికి చెయ్యి చాపే ఫోటో ఉంటుంది చూశారా, అది ఈ మూల నుంచి రాదు, వీపులూ మోచేతులూ తప్ప. దానికి వాడి సొంత టీం వైపు కూర్చోవాలి. రెండూ ఒకేసారి కావాలంటే దొరకవు. నేను సగం ఆట ఒక పద్ధతిలో, సగం ఆట ఇంకో పద్ధతిలో తీస్తాను. ఎవరు బాగా కూతకి పోతారో, ఎవరు కాలు బాగా పడతారో పిల్లలనే అడుగుతాను. "తెల్ల బనీనోడు జూడుండ్రి మేడం, వాడు ఊరికెనే వాపస్ రాడు" అని వాళ్లే చెప్తారు. అవతలి బడి పిల్లల గురించి కూడా వీళ్లకి అన్నీ తెలుసు.

ఎక్కడ కూర్చున్నా నేల మీదే. నిలబడి తీస్తే పిల్లలు పొట్టిగా, నెత్తులే ఎక్కువగా పడతాయి, వెనకంతా మట్టే. నేల మీద కూర్చుంటే వెనక చెట్లు, ఆకాశం వస్తాయి, అండర్-14 పిల్లవాడు కూడా మొనగాడిలా కనిపిస్తాడు. చీర కట్టుకొని ఇది సాగే పని కాదు. ఆటల రోజు పాత చుడీదార్, మోకాళ్ల కింద మడిచిన యూరియా సంచి. బడి గ్రౌండ్‌లో వెనక ఏముందో కూడా చూసుకోవాలి. మా దగ్గరైతే ఒక వైపు వాటర్ ట్యాంక్, ఒక వైపు సార్ల బండ్లు, ఇంకో వైపు మధ్యాహ్న భోజనం గిన్నెలు. నేను ట్యాంక్ వైపే చూస్తూ కూర్చుంటాను, అది నయం.

ఎండ గురించి చెప్పుకోవాలంటే పొద్దున ఎనిమిదిన్నర నుంచి పది దాకా వెలుగు బంగారం. ఆ టైములో మా దగ్గర ఏం జరుగుతుంటుందంటే, ముఖ్య అతిథి కోసం ఎదురుచూపు. పిల్లలు వరసల్లో నిలబడి ఉంటారు, గ్రౌండ్ ఖాళీగా మెరుస్తుంటుంది. ఆయన వచ్చి, జెండా ఎగరేసి, క్రీడల ప్రాముఖ్యం చెప్పి వెళ్లేసరికి పదకొండు. అప్పటికి ఎండ నడినెత్తికి చేరుతుంది, పిల్లల కళ్లు కనుబొమ్మల నీడలో నల్లటి గుంతలైపోతాయి. దీనికి కెమెరాలో మందు లేదు. ఎండకి పక్కవాటుగా కూర్చొని, పిల్లలు మొహం పైకెత్తే క్షణాలు చూసుకోవడమే. ఖో వినపడగానే లేచేటప్పుడు, లాంగ్‌జంప్‌లో గాల్లో ఉన్నప్పుడు మొహం పైకి ఉంటుంది. మా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం మీద పడే స్తంభం నీడ పొద్దంతా కదలదు. చుట్టూ ఉన్న స్తంభాల మధ్య నుంచి వెలుగు చెదిరి రావడం వల్ల అలా అవుతుందంటారు. కట్టినవాళ్లకి వెలుగు గురించి ఎంత తెలుసో అని గుడికి పోయినప్పుడల్లా అనుకుంటాను. మా గ్రౌండ్‌లో నీడ గంటకో చోట ఉంటుంది, దాని వెంట సంచి ఈడ్చుకుంటూ నేను.

ప్రాక్టీస్‌కి మాత్రం ఆటల రోజు దాకా ఆగక్కర్లేదు. ఆదివారం పొద్దున ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కి పోతే క్రికెట్ ఆడే పిల్లలు, పోలీసు ఉద్యోగాల కోసం పరుగు ప్రాక్టీస్ చేసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అడిగి తీసుకోవచ్చు. రన్నింగ్ చేసేవాళ్లయితే ఒకే దారిలో మళ్లీ మళ్లీ వస్తారు, ఏఐ సర్వో అలవాటు కావడానికి అంతకంటే మంచి పాఠం లేదు.

ఫోన్ ఒక్కటే ఉన్నవాళ్లకి ఒకటే మాట: వేళ్లతో జూమ్ చేయొద్దు, దగ్గరికి నడవండి. బర్స్ట్, అంటే వరసగా ఫోటోలు తీసే పద్ధతి వాడండి. పోల్ దగ్గర కూర్చుంటే ఫోన్‌తో కూడా వస్తుంది.

ఫోటోలు తీశాక అసలు తలనొప్పి మొదలవుతుంది. సాయంత్రానికి కార్డులో వందల కొద్దీ ఉంటాయి. మొహం కనపడనివి, ఫోకస్ వెనక చెట్టు మీద పడ్డవి బస్సులోనే డిలీట్ కొడతాను. మిగిలినవి ఇంట్లో. ఓడిపోయి ఏడ్చే పిల్లల వైపు కెమెరా ఎత్తను. చాలామంది అవే గొప్ప ఫోటోలు అంటారు, అననివ్వండి, సోమవారం ఆ పిల్ల నా క్లాసులో కూర్చోవాలి. ఆడకుండా బయట కూర్చున్న సబ్‌స్టిట్యూట్ పిల్లలవి మాత్రం తప్పకుండా తీస్తాను. వాళ్లే అందరికంటే గట్టిగా అరుస్తారు, మొహాల్లో ఆటంతా కనిపిస్తుంది.

పంచే విషయంలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. గ్రూపుల్లో వేయను, స్టేటస్ పెట్టను. ఎవరి ఫోటో వాళ్ల ఇంటివాళ్ల ఫోన్‌కే. మా చేజర్ పిల్ల వాళ్లమ్మ పత్తి ఏరే పని నుంచి నేరుగా గ్రౌండ్‌కి వచ్చింది, కొంగుకి ఇంకా దూది అంటుకొనే ఉంది. "మా బిడ్డ ఫోటో పడ్డదా మేడం?" అని అడిగింది. చూపించాను. చాలాసేపు చూసింది. "మంచిగుంది. ఏడ పెట్టకుండ్రి మేడం, మా ఇంట్ల మొగోళ్లు ఒర్లుతరు" అంది. పెట్టనన్నాను. గడియారం సెంటర్ దగ్గర స్టూడియోలో ప్రింట్ తీయించి ఇస్తానంటే సరేనంది.

ఇచ్చాను కూడా, పోల్ దగ్గర గాల్లో ఉన్నదే. పిల్ల దాన్ని తిప్పి తిప్పి చూసి, "నాలుక బయటికొచ్చింది మేడం, గిదొద్దు" అంది. దానికి కావాల్సింది టీం అంతా చేతులు కట్టుకొని, షీల్డ్ ముందు పెట్టుకొని, కర్రల్లా బిగుసుకొని నిలబడిన గ్రూప్ ఫోటో. మిగతా పిల్లలదీ అదే మాట. చివరికి అందరికీ గ్రూప్ ఫోటోనే ప్రింట్ వేయించాను. నాలుక ఫోటో వాళ్లమ్మ తీసుకుంది.

పీఈటీ సారు ఫైల్‌కి కావాల్సినవి వేరే. ముఖ్య అతిథి రైడర్‌తో చెయ్యి కలిపేది, ముఖ్య అతిథి టాస్ వేసేది, ముఖ్య అతిథి షీల్డ్ ఇచ్చేది. వాటికి 18-55 లెన్సు, ఆటో మోడ్ చాలు. ఆయన ఎటూ కదలరు.