సోషల్ టీచరు పోగొట్టిన సూర్యాస్తమయం

ఇరవై నాలుగేళ్ళుగా ఏటా ఆరో తరగతి పిల్లలకు అక్షాంశాలు, రేఖాంశాలు చెబుతున్నాను. దేశమంతటికీ ఒకటే సమయం, అది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన నడుస్తుంది, ఆ గీత మన కాకినాడ పక్కనుంచే పోతుంది అని చెప్పగానే ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్లవాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు, గీత కనబడుతుందేమోనని. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల తేడా. అరుణాచల్‌లో తెల్లారిన ఎంతసేపటికి గుజరాత్‌లో తెల్లారుతుందో బోర్డు మీద లెక్క కట్టిస్తాను. ఇంత తెలిసిన మనిషిని, కిందటి నవంబరులో అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి వెళ్ళి సూర్యాస్తమయాన్ని ఇరవై నిమిషాల్లో పోగొట్టాను. నాది ఒక్కదానిదే అయితే బాధ లేదు. మరో ముగ్గురిది కూడా పోగొట్టాను. ఆ ముగ్గురూ ఇంకా నన్ను వదలడం లేదు.

ఆ ముగ్గురి సంగతి చెప్పాలి. విజయనగరంలో డిగ్రీ చదివిన రోజుల్లో మాది ఒకే హాస్టల్ గది. పేర్లు పెట్టి పిలుచుకున్న గుర్తు లేదు. ఊళ్ళ పేర్లే. పాలకొండ, టెక్కలి, చీపురుపల్లి, నేను సాలూరు. పెళ్ళిళ్ళయి ఊళ్ళు మారినా పిలుపులు మారలేదు. పాలకొండకు ఇప్పుడు మందుల షాపుంది. చీపురుపల్లి పోస్టాఫీసులో పనిచేస్తుంది. టెక్కలికి ఇల్లు, ఇద్దరు కొడుకులు, ఒక అత్తగారు. అందరికీ యాభై నిండిన ఏడాది కదా, మొగుళ్ళనూ పిల్లలనూ ఇంట్లో వదిలి ఒక్కసారి సముద్రం దాటి వద్దామని చీపురుపల్లి మొదలుపెట్టింది. సముద్రం దాటాలి, పాస్‌పోర్టు అక్కర్లేకూడదు. అలా అండమాన్ ఖాయమైంది. విశాఖ నుంచి ఓడ ఉంది గానీ రెండు రోజుల పైమాటే. టెక్కలి వినగానే కడుపు పట్టుకుంది. చెన్నై దాకా రైలు, అక్కడి నుంచి విమానం.

పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. పరీక్షల్లో అడుగుతారు కాబట్టి పిల్లలకు చెప్పాను. తీరా అక్కడికి వెళితే ఆటో డ్రైవరు దగ్గర్నుంచి కొబ్బరిబోండాలమ్మే ఆయన దాకా నోటి వెంట పోర్ట్ బ్లెయిరే. ఆటో ఎక్కి నా హిందీ అంతా కూడదీసుకుని హోటల్ పేరు చెప్పాను. ఆ అబ్బాయి అద్దంలోంచి చూసి, "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు, తెలుగులో.

నాకు నోట మాట రాలేదు. లెక్కలు తెలియక కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. కాగితం మీది శాతం వెనక్కి తిరిగి మాట్లాడితే వేరుగా ఉంటుంది. వాళ్ళ తాత శ్రీకాకుళం జిల్లా తీరం నుంచి చేపల వేటకు వచ్చి ఉండిపోయాడట. తండ్రి ఇక్కడే పుట్టాడు, తనూ ఇక్కడే. తాత ఊరు ఒక్కసారి కూడా చూడలేదు. దారంతా మమ్మల్ని అడిగింది ఒక్కటే: "అక్కడ చలి వేస్తుందంట కదమ్మా, ఎలా ఉంటుంది?" శ్రీకాకుళం చలి కూడా ఒక చలేనా అని చీపురుపల్లి నవ్వబోయి ఆగింది. ఏడాది పొడుగునా ఒకటే ఉక్కలో పుట్టి పెరిగినవాడికి పుష్యమాసం పొద్దుటిపూట నోట్లోంచి వచ్చే పొగ గురించి ఎలా చెప్పాలో మా నలుగురికీ తెలియలేదు. చివరికి టెక్కలి, "ఐసు పెట్టె తెరిచి ముందు నిలబడ్డట్టు ఉంటుంది నాయనా" అంది. అతను తృప్తిగా తలూపాడు.

జంగ్లీఘాట్ చేపల బజారుకు కూడా అతనే తీసుకెళ్ళాడు. అక్కడ వేరే ఊరికి వచ్చామన్న సంగతే మరిచిపోయాం. బేరాలు తెలుగు, తిట్లు తెలుగు. మా హోటల్ మెనూలో సుర్మయి అని రాసిన చేప ఇక్కడ కోనమే. ఒక పెద్దావిడ కోనాన్ని అడ్డకత్తిపీట మీద ఆనించి, చేత్తో తోకవైపు నుంచి తడుముతూ వచ్చి, కంటితో చూడకుండానే ముక్కలు కోస్తోంది. ప్రతి ముక్కా ఒకే మందం. పాలకొండ అక్కడే అయిదు నిమిషాలు నిలబడిపోయింది. కొనేది లేదు, వండేది లేదు, "అడ్డం తప్పుకోండమ్మా, వెలుతురు పోతోంది" అనిపించుకుని కదిలింది.

సెల్యులార్ జైలు గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను తక్కువే రాస్తాను. 1896లో మొదలుపెట్టి 1906కు పూర్తి చేశారు. మధ్యలో ఒక బురుజు, దాని నుంచి సైకిల్ చక్రం ఆకుల్లా ఏడు రెక్కలు. ఇప్పుడు మిగిలినవి మూడే. ఒక రెక్కలోని గదుల ముందుభాగం పక్క రెక్క వీపుకు ఎదురుగా ఉంటుంది, ఖైదీకి ఖైదీ ముఖం కనబడకుండా. అల్లూరి వెంట మన్యంలో పోరాడి శిక్షపడిన వాళ్ళను కూడా ఈ గదుల్లోకే పంపారు. పిల్లలకు ఇది చాలాసార్లు చెప్పాను. చెప్పనిది, ఎందుకంటే నాకే తెలియనిది, ఆ గడియ సంగతి. తలుపు గడియ తలుపుకు ఉండదు. పొడుగాటి ఇనప చువ్వ గోడలోకి వెళ్ళి, తలుపుకు చాలా దూరంలో ఒక గూట్లో తాళం పడుతుంది. చీపురుపల్లి గదిలోకి వెళ్ళి కటకటాల్లోంచి భుజం దాకా చెయ్యి చాపింది. మాలో పొడుగు చేతులు తనవే. గూటి అంచుకు కూడా అందలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, చువ్వల తుప్పు అంటిన భుజాన్ని తుడుచుకోకుండా అలాగే కిందికి దిగింది.

కింద గానుగ బొమ్మ ఉంది. మనుషుల్ని ఎద్దుల బదులు కట్టి కొబ్బరి నూనె తీయించేవాళ్ళు, రోజుకు 30 పౌన్లు. పాలకొండ నాన్నగారికి ఒకప్పుడు గానుగ ఉండేది. "మా నాన్న ఎద్దును కూడా మధ్యాహ్నం విప్పేసేవాడే" అంది. ఆ పూట ఇంకెవరం మాట్లాడలేదు, టెక్కలి తప్ప. తనకు ఆకలేస్తే ఏ విషాదమూ అడ్డు రాదు.

మర్నాడు హేవ్‌లాక్. 2018 డిసెంబరులో దీన్ని స్వరాజ్ ద్వీప్ అన్నారు, పడవ టికెట్టు మీద అదే ఉంది. ప్రైవేటు పడవలో గంటన్నర. మందుల షాపు యజమానురాలు ఎక్కేముందు అందరి చేతా మాత్ర మింగించి, తను మాత్రం మింగకుండా, సగం దారిలో సంచి పట్టుకుని కూర్చుంది. ఆ విషయం రాయవద్దని చెప్పింది.

దీవిలో ఊళ్ళకు అంకెలుంటాయి. మూడో నంబరు బజారు, అయిదో నంబరు మా బస, ఏడో నంబరు రాధానగర్ బీచ్. అంకెల వెనక అసలు పేర్లున్నాయి: గోవింద నగర్, విజయ్ నగర్, శ్యామ్ నగర్, కృష్ణ నగర్, రాధా నగర్. దేశ విభజనలో చెదిరి తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళను 1950లలో ఇక్కడ స్థిరపరిచారు. పక్కనున్న నీల్ దీవిలో సీతాపూర్, రామ్‌నగర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. అంటే ఒక దీవి భాగవతం, ఒక దీవి రామాయణం. ఇల్లూ ఊరూ పోగొట్టుకుని అడవి కొట్టుకుని బతకడానికి వచ్చినవాళ్ళు ఇంత ముద్దుగా పేర్లు పెట్టుకున్నారు. నేను మాత్రం విజయ్ నగర్‌లో దిగి, "చదివిందీ విజయనగరమే, వచ్చిందీ విజయనగరమే" అని మురిసిపోయాను. ఎవరూ నవ్వలేదు.

ఇక నా పరువు సంగతి. రాధానగర్ పడమటి తీరం, సూర్యాస్తమయానికి పేరు. ఏర్పాటు నాకప్పగించారు, సోషల్ టీచరును కదా. నవంబరు చివర మా ఊళ్ళో పొద్దు గూకేది అయిదూ ఇరవైకి. నిదానంగా అన్నం తిని, ఒక కునుకు తీసి, అయిదూ పదికి అక్కడుంటే చాలన్నాను. ఉన్నాం. ఎత్తయిన చెట్ల మధ్య నుంచి ఇసుక మీదికి దిగేసరికి జనం ఎదురొస్తున్నారు. అందరి చెప్పులూ చేతుల్లోనే. సముద్రం మీద ఒక ఎర్రటి చార, అంతే. కాపలా అతను ఈల ఊదుతూ నీళ్ళలో మిగిలినవాళ్ళను బయటికి పిలుస్తున్నాడు. ఈ నీళ్ళలో మొసళ్ళ భయం ఉంది, చీకటి పడితే ఉండనివ్వరు. సూర్యుడు ఎప్పుడు మునిగాడని అడిగితే, అయిదుకు పది నిమిషాల ముందే అన్నాడు.

ఇసుకలో వేలితో లెక్క కట్టాను. హేవ్‌లాక్ 93 డిగ్రీల దగ్గర. 93లోంచి 82½ తీస్తే పదిన్నర. నాలుగుతో గుణిస్తే 42 నిమిషాలు. పదిన్నర డిగ్రీల అవతలున్న దీవిని ఢిల్లీ గడియారానికి కట్టేస్తే సూర్యుడు ఎవరి మాట వింటాడు? ఇదంతా వివరించబోతే చీపురుపల్లి, "ఇది నీకిప్పుడు తెలిసిందా, ముందే తెలుసా?" అంది. ముందే తెలుసంటే తప్పు, ఇప్పుడు తెలిసిందంటే మరీ తప్పు. వెనక్కి వచ్చేటప్పుడు జీపులో నన్ను వెనక సీట్లో ఒక్కదాన్నే కూర్చోబెట్టారు.

ఆ చీకట్లో టెక్కలి ఇంకో పని చేసిందని మాకు తెలియదు. శంఖాలూ పగడాలూ ఏరకూడదని, విమానాశ్రయంలో సామాను తెరిచి తీసేస్తారని ఆటో అబ్బాయి రెండుసార్లు చెప్పాడు. అయినా నిమ్మకాయంత శంఖం ఒకటి కొంగున కట్టుకుని వచ్చింది. దేవుడి గూట్లో పెట్టుకుంటుందట. రాత్రి దాన్ని బల్ల మీద రుమాలులో చుట్టి పడుకుంది.

నాలుగింటికి చప్పుడు. గర్... గర్... ఆగి, మళ్ళీ. ఎలుకనుకుని పాలకొండ మంచం మీద నిలబడింది. ఫోను లైటు వేశాను. శంఖం నడుస్తోంది. రుమాలు విప్పుకుని, బల్ల మీద నుంచి ఎలా పడిందో పడి, గచ్చు మీద తలుపు వైపు తనను తాను ఈడ్చుకుంటూ పోతోంది. వెలుతురు పడగానే ఆగింది. కాసేపటికి అంచు కింద నుంచి రెండు సన్నటి కళ్ళు, కాడల చివర మిరియపు గింజల్లా, బయటికి వచ్చాయి. తర్వాత ఎర్రటి కాళ్ళు. ఖాళీ శంఖంలో అద్దెకుండే పీత. లోపలికి ముడుచుకున్నప్పుడు ఒక డెక్క అడ్డంగా పెట్టి తలుపేసుకుంటుంది, అందుకే చీకట్లో టెక్కలికి ఖాళీ శంఖంలా కనబడింది.

"ఇల్లు ఎత్తుకొచ్చేశావే" అంది పాలకొండ, మంచం మీది నుంచే.

టెక్కలి ముఖం చూడాలి. అప్పటికప్పుడు రుమాలులో పెట్టుకుని లేచింది. తెచ్చిన చోటే వదలాలంటే రాధానగర్ దూరం, ఆ వేళప్పుడు బండి లేదు. సముద్రం సముద్రమేనని తీర్మానించి, నైటీల మీద చున్నీలు వేసుకుని, మా బస వెనకున్న ఒడ్డుకు నడిచాం. అది తూర్పు తీరం. పోటు తగ్గి నీళ్ళు ఎక్కడికో పోయాయి, తడి ఇసుకా రాళ్ళూ మిగిలాయి. టెక్కలి ఒక చెట్టు వేరు పక్కన దాన్ని దింపింది. అది చాలాసేపు కదలలేదు. చచ్చిపోయిందేమోనని టెక్కలి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. తర్వాత కళ్ళ కాడలు వచ్చాయి, కాళ్ళు వచ్చాయి, ఒక్కసారి శంఖాన్ని సర్దుకుని వేళ్ళ కిందికి వెళ్ళిపోయింది.

తలెత్తేసరికి వెలుతురు. అయిదూ ఇరవై అయిందేమో, నీళ్ళ అవతలి అంచున సూర్యుడు అప్పుడే పైకి వస్తున్నాడు. మా ఊళ్ళో ఆ వేళకు పాలవాడు కూడా రాడు. నలుగురం మాట్లాడకుండా చూశాం. చీపురుపల్లి మాత్రం, "దీనికీ నీ డిగ్రీలకూ ఏమీ సంబంధం లేదు, పీత దయ" అంది.

ఎలిఫెంట్ బీచ్ కూడా వెళ్ళాం. చీపురుపల్లి కళ్ళద్దాలు తీసి నీళ్ళలోకి చూస్తే చేపలన్నీ రంగుల మసకగా కనిపించాయట, డబ్బులు దండగ. ఆ రోజు మధ్యాహ్నం కునుకు రద్దు చేసి, అన్నం సగంలో లేపేసి, మూడున్నరకే ముగ్గుర్నీ రాధానగర్ ఇసుకలో కూర్చోబెట్టాను. గంటా ఇరవై నిమిషాలు ముందు. నాలుగింటికి పడమట ఒక మబ్బు లేచింది. నాలుగున్నరకు అది పరుచుకుంది. అయిదుకు పది నిమిషాల ముందు, సరిగ్గా లెక్క ప్రకారం, ఏమీ కనబడలేదు.

టెక్కలి సంచిలోంచి చెగోడీల పొట్లం తీసి ముందు నాకే ఇచ్చింది.