ఒక్క తాళం దెబ్బ, ఆ వెంటనే క్లారినెట్

మా బాపు హనుమకొండలో నలభై ఏళ్లు పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించాడు. డీజే పెట్టెలు వచ్చాక పిలుపులు తగ్గాయి, తర్వాత ఊపిరీ తగ్గింది. వాద్యం అల్మారాలోకి చేరింది. క్లారినెట్ మూతికి బిగించే పల్చని రెల్లు ముక్కలు, అవే రీడులు, ఉన్న చిన్న రేకు డబ్బీ మాత్రం ఇప్పటికీ చొక్కా జేబులోనే ఉంటుంది. ఒకరోజు నా ఫోనులో సింఫనీ, అంటే పెద్ద ఆర్కెస్ట్రా వాయించే పాశ్చాత్య సంగీతం, చూస్తూ, అంత పెద్ద గుంపు మధ్య కూర్చున్న ఇద్దరు క్లారినెట్ వాళ్లమీద వేలు పెట్టి అడిగాడు: “ఇంతమందిలో వీళ్లు ఊదేది ఎవరికి వినపడుతుంది బిడ్డా?”

ఊరేగింపులో పక్కన ట్రంపెట్లు, వెనుక డ్రమ్ములు, పైన జనరేటర్ మోత. వాటిని దాటి వినపడాలని బాపు బతుకంతా గొంతు నరాలు ఉబ్బేలా ఊదాడు. ఆ ప్రశ్నకు మాటలతో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. తీసుకెళ్లి వినిపించాలనుకున్నాను.

మా ఊళ్లో సభలకు కొదవ లేదు. పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఉంది, ఇప్పుడు కాళోజీ కళాక్షేత్రం కూడా వచ్చింది. కానీ నిండు సింఫనీ వినాలంటే ముంబయి వెళ్లాల్సిందే. అక్కడ నారిమన్ పాయింట్‌లోని కళా కేంద్రం ఎన్‌సీపీఏ (నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్)లో, 2006లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది. సాధారణంగా ఏడాదికి రెండు విడతలుగా, ఫిబ్రవరి ప్రాంతంలో ఒకసారి, సెప్టెంబరు ప్రాంతంలో ఒకసారి, కచేరీలు జరుగుతాయి. మొదటి ప్రయత్నంలో నేను ఆలస్యంగా మేలుకున్నాను. మాకు అందే ధరలో ఉన్న టికెట్లన్నీ అప్పటికే అయిపోయాయి. రెండోసారి ప్రకటన ఎప్పుడు వస్తుందా అని కాచుకుని కూర్చుని, పై అంతస్తులో రెండు సీట్లు తీసుకున్నాను. డబ్బు కలిసొస్తుందని తీసుకున్నా, అదే మంచిదైంది. కింద ముందు వరసల్లో కూర్చుంటే వయొలిన్ల వెనుక ఎవరున్నారో కనపడరు. బాపు చూడాలనుకున్నదేమో ఆ వెనుక ఉన్నవాళ్లనే.

ఆ సాయంత్రం ద్వొరాక్ అనే స్వరకర్త రాసిన తొమ్మిదో సింఫనీ. నెల రోజుల ముందునుంచి రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక్కో భాగం చొప్పున విన్నాం. కొత్తగా వినబోయేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. ఒక్కసారైనా వినకుండా వెళ్తే నలభై నిమిషాల సంగీతం చేతికి చిక్కకుండా జారిపోతుంది. ద్వొరాక్ చెక్ దేశపు పల్లెటూళ్లో పుట్టిన కసాయి కొడుకని, చిన్నప్పుడు ఊరి బ్యాండులో ఫిడేలు వాయించాడని చెప్పినప్పుడు బాపు సర్దుకుని కూర్చున్నాడు. ఆయన 1892లో కొలువు కోసం న్యూయార్క్ వెళ్లాడు. ఈ సింఫనీ అక్కడ రాసిందే. 1893 డిసెంబరు 16న కార్నెగీ హాల్లో మొదటిసారి మోగింది. “ఇల్లు విడిచి వెళ్లినవాడి పాట, తెలుస్తూనే ఉంది” అన్నాడు బాపు, రెండో భాగం విని.

అయితే బాపు ఒక సంగతి మాత్రం నమ్మలేదు. నాలుగు భాగాల ఇంత పెద్ద సింఫనీలో తాళాలు, అంటే రెండు చేతులతో తాకించే ఇత్తడి పళ్లేలు, మోగేది ఒక్కసారే, అదీ చివరి భాగంలో. బ్యాండులో తాళాలవాడికి చేతులు దించే తీరికే ఉండదు మరి. ఆ ఒక్క దెబ్బ కోసం ఫోనులో నాలుగో భాగం ఎన్నిసార్లు వెనక్కి తిప్పామో లెక్కలేదు. దొరకలేదు.

సికింద్రాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారాక ముంబయిలో దిగి, వర్లీలో చిన్నాయన ఇంట్లో స్నానాలు, భోజనాలు చేశాం. కోటూ టై లేకుండా రానిస్తారా అని చిన్నమ్మకు ఒకటే బెంగ. బాపు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో వచ్చాడు, ఎవరూ ఏమీ అనలేదు. బట్టల సంగతి అంతే. చలి సంగతి మాత్రం మరవకండి. ఏసీ హాల్లో పెద్దవాళ్లకు శాలువా ఉండాలి. మరొకటి, అరగంట ముందే చేరండి. కచేరీ మొదలయ్యాక వస్తే మధ్యలో విరామం దాకా బయట నిలబడాల్సి రావచ్చు.

ఎన్‌సీపీఏలో కచేరీ జరిగే జంషెద్ భాభా థియేటర్‌లో వెయ్యికి పైగా సీట్లు. మేం కూర్చునేసరికి వేదికమీద కొందరు ఎవరికి వారు వాయించుకుంటున్నారు. బాపు ముందుకు వంగాడు. “చూడు, రీడు తడుపుకుంటున్నాడు.” నిజమే. క్లారినెట్ అతను రీడును నోట్లో పెట్టుకుని, తాపీగా కాగితాలు సర్దుకుంటున్నాడు. పెళ్లివారి గుమ్మం ముందు బాపు అచ్చం అలాగే నోట్లో రీడుతో నిలబడేవాడు, నాకు బాగా గుర్తు. కాసేపటికి ఓబో అనే చెక్క ఊదుడు వాద్యం ఒక్క స్వరం పట్టింది. మిగతా అందరూ దానికి శ్రుతి కలిపారు. “మాకు ఇంత తీరిక ఎక్కడిది, లారీ దిగుతూనే ఎత్తుకునేవాళ్లం” అన్నాడు మెల్లగా.

మొదటి సగం ప్రయాణ బడలికలో గడిచిపోయింది. విరామం తర్వాత మొదలైంది అసలు కచేరీ. భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టరని బాపుకు ముందే చెప్పాను. మన కచేరీల్లోలాగా మంచి సంగతి పడగానే ‘ఆహా’ అనడం కూడా కుదరదు. అదే ఆయనకు కష్టమనిపించింది. రెండో భాగంలో ఇంగ్లిష్ హార్న్ ఎత్తుకోగానే నా వైపు తిరిగి “సన్నాయి” అన్నాడు. పేరుకు హార్నే గానీ అది కొమ్ము కాదు. ఓబోకు అక్కలాంటి చెక్క వాద్యం. మన సన్నాయిలాగే జంట రీడుతో పలుకుతుంది.

నాలుగో భాగం. ట్రంపెట్లు, కొమ్ములు గర్జించాయి. ఇద్దరం తాళాల మనిషినే చూస్తున్నాం. అంతసేపూ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నవాడు లేచాడు. రెండు తాళాలూ ఎత్తి, కొట్టలేదు, ఒకదానిమీద ఒకటి జార్చినట్టు తాకించాడు. ‘శ్శ్’మని ఒక మెరుపు. అంతే, కూర్చున్నాడు. ఫోనులో మేం ఉరుము కోసం వెతికాం. అందుకే దొరకలేదు.

ఆ మెరుపు వెనకే గర్జన అణిగింది. ఆర్కెస్ట్రా మొత్తం పక్కకు తప్పుకున్నట్టయింది, ఖాళీ అయిన చోటులోకి క్లారినెట్ ఒక్కటే వచ్చింది. అతను గట్టిగా ఊదడం లేదు. పక్కవాడికి చెవిలో చెబుతున్నంత మెత్తగా పాడుతున్నాడు. తంత్రీ వాద్యాలు కింద సన్నగా వణుకుతున్నాయి, పెద్ద వయొలిన్లలాంటి సెల్లోలు మాత్రం మధ్యమధ్య అడుగునుంచి పలకరిస్తున్నాయి. అంత దూరాన, పై అంతస్తులో ఉన్న మాకు ప్రతి స్వరమూ చేరింది. నేను బాపు వైపు చూశాను. కింది పెదవిని పళ్లమీదికి లోపలికి మడిచి పట్టాడు. క్లారినెట్ నోట్లో పెట్టుకునేటప్పుడు పట్టే పట్టు అది. ఆ పాట అయ్యేదాకా వదలలేదు.

ఆ సింఫనీ పెద్ద దెబ్బతో ముగియదు. చివరికి గాలి వాద్యాలు మాత్రమే ఒక స్వరమేళాన్ని పట్టుకుని, సన్నబరుస్తూ సన్నబరుస్తూ గాలిలో వదిలేస్తాయి. ఆ తర్వాత చప్పట్లు. బాపు అందరికంటే ఆలస్యంగా లేచి, అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు. మెరైన్ డ్రైవ్ గట్టుమీద కూర్చున్నాక చాలాసేపటికి నోరు విప్పాడు. “వాళ్లు గొంతు తగ్గించి అతనికి తోవ ఇచ్చారు బిడ్డా. మాకు ఎవరూ ఇయ్యలేదు, మేమూ ఎవరికీ ఇయ్యలేదు.”

ఇంటికి వచ్చిన మర్నాడు అల్మారా తెరిచి పెట్టె దించాడు. క్లారినెట్ ముక్కల చివరలనున్న బెండులకు గ్రీజు రాసి, వాటిని బిగించి, రీడు తడిపి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆ పాటలో మొదటి నాలుగైదు స్వరాలే వచ్చు. వాటినే మళ్లీ మళ్లీ, ప్రతిసారీ ఇంకొంచెం మెత్తగా పలికిస్తున్నాడు. కాసేపటికి అమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, “ఆపేశారా?” అని అడిగింది. బాపు వాద్యం నోట్లోంచి తీయకుండానే లేదని తల ఊపాడు.