బారాత్‌లో మోగే పాటకు రివర్బ్ ఎంత పెట్టాలి?

హెడ్‌ఫోన్లో అంత బాగా వినిపించిన గొంతు డీజే బండెక్కేసరికి ఒక్క మాటా అర్థం కాకుండా పోతుంది. హన్మకొండ, కాజీపేట, కరీంనగర్, జగిత్యాల గదుల్లో తయారయ్యే జానపద రీమిక్సుల్లో ఎక్కువగా వినపడే లోపం ఇదే. తప్పంతా కిక్ (అడుగు డ్రమ్ దెబ్బ) మీదో మాస్టరింగ్ (పాటకు చివరి మెరుగు) మీదో వేస్తుంటారు గానీ, చాలాసార్లు అసలు కారణం రివర్బే, అంటే గదిలో పాడినట్టు గొంతుకు కలిపే గుంయ్‌మనే మోత. హెడ్‌ఫోన్‌కు సరిపడా పెట్టి, పాటనేమో గల్లీలోకి పంపిస్తాం.

గల్లీ కూడా తన వంతు కలుపుతుంది. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది, అంటే మీటరుకు సుమారు 3 మిల్లీసెకన్లు. బండికి 20 మీటర్ల దూరంలో ఒక మూడంతస్తుల బిల్డింగు ఉందనుకోండి. దాని గోడకు తగిలి తిరిగొచ్చేసరికి 40 మీటర్లు, 115 మిల్లీసెకన్ల పైచిలుకు. 130 బీపీఎం (నిమిషానికి 130 బీట్లు) పాటలో పదహారో వంతు నోటు, అంటే బీటులో పావు, కూడా దాదాపు 115 మిల్లీసెకన్లే. బండి దగ్గర ఎగిరేవాళ్లకు ఆ ఒక్క గోడే అడక్కుండానే డిలే వేసి ఇస్తుందన్నమాట. దాని మీద మన 3 సెకన్ల హాల్ రివర్బ్ కూడా పడితే మాటలో ఒత్తులన్నీ చెరిగిపోతాయి.

ఫంక్షన్ హాలు సంగతి ఇంకా ఘోరం. సబీన్ సూత్రం తీసుకుని ఉజ్జాయింపుగా లెక్కేద్దాం: రివర్బ్ సమయం = 0.161 × ఘనపరిమాణం ÷ మొత్తం శోషణ. 30 మీటర్ల పొడవు, 20 వెడల్పు, 6 ఎత్తు ఉన్న హాలు 3600 ఘనపు మీటర్లు. కింద టైల్స్, చుట్టూ సున్నం గోడలు. 1800 చదరపు మీటర్ల ఉపరితలానికి సగటున 0.05 శోషణ అనుకుంటే మొత్తం 90. ఖాళీ హాల్లో తోక, అంటే శబ్దం ఆగాక మిగిలే మోత, 6.4 సెకన్లు సాగుతుంది. 500 మంది వచ్చి కూర్చుంటే, మనిషికి 0.45 చొప్పున ఇంకో 225 కలిసి 1.8 సెకన్లకు దిగుతుంది. మధ్యాహ్నం ఖాళీ హాల్లో సౌండ్ చెక్ చేసి బెదిరిపోనక్కర్లేదు. అయితే జనం నిండాక కూడా 1.8 సెకన్లు మిగిలే ఉంటుంది. పాటలో మనం పెట్టేదంతా దాని మీద అదనం.

అందుకని డీజే బండికీ హాలుకీ పోయే పాటలో లీడ్ వోకల్ తోక 1 సెకను దాటనివ్వకండి. యూట్యూబ్‌కు మాత్రమే పోయే మెల్లని పాటకు 2 సెకన్ల వరకు ఇచ్చుకోవచ్చు. ఒకే పాట రెండు చోట్లకూ పోవాలంటే రెండు మిక్సులు తీయడమే నయం. రివర్బ్ రిటర్న్‌ను (రివర్బ్ మాత్రమే వచ్చే ట్రాక్‌ను) 3, 4 డీబీ (డెసిబెల్స్) దించి రెండోసారి ఎక్స్‌పోర్ట్ కొడితే పని అయిపోతుంది.

ఇక పెట్టే పద్ధతి. రివర్బ్‌ను నేరుగా వోకల్ ట్రాక్ మీద వేయకుండా వేరే మిక్సర్ ట్రాక్‌లో పెట్టి, గొంతును కావలసినంత సెండ్ ద్వారా అటు పంపండి. ఎఫ్ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో అయితే వోకల్ ట్రాక్‌ను సెలెక్ట్ చేసి, రివర్బ్ ట్రాక్ అడుగున ఉన్న చిన్న బాణం నొక్కితే సెండ్ నాబ్ వస్తుంది. అందులోని రివర్బ్ ప్లగిన్ ఫ్రూటీ రీవర్బ్ 2లో డ్రై (అసలు శబ్దం) నాబ్ పూర్తిగా కిందికి దించాలి. చాలామంది దాన్ని అలాగే వదిలేస్తారు. అప్పుడు అసలు గొంతు రెండుసార్లు మాస్టర్‌కు పోతుంది, సెండ్ పెంచినకొద్దీ గొంతే పెరుగుతుంది. రివర్బ్ ఎక్కువైందా గొంతు ఎక్కువైందా తేల్చుకోలేక గంటలు పోతాయి.

రివర్బ్ ప్లగిన్‌కు ముందు ఒక ఈక్యూ పెట్టండి. 600 హెర్ట్జ్ కింద కోత, 10 కిలోహెర్ట్జ్ పైన కోత. లండన్ అబ్బే రోడ్ స్టూడియో ఇంజినీర్ల నుంచి వచ్చిన పద్ధతిగా చెప్పుకునే కొలతలివి, మన పాటలకూ చక్కగా సరిపోతాయి. బండి టాపులు (పై స్వరాల స్పీకర్లు) గరుకుగా ఉంటే పైకోతను 6 కిలోహెర్ట్జ్ దాకా తెచ్చినా నష్టం లేదు. కింది కోత మాత్రం 300 కన్నా దిగనీయొద్దు. గొంతు బొంగురు, దప్పు గుమ్ము, సింథ్ అడుగు అన్నీ 150–400 మధ్యే కూర్చుంటాయి. అక్కడ తోక చేరితే బేస్ బాక్సులు ఎంత పెద్దవైనా కిక్ మెత్తబడిపోతుంది.

ప్రీ డిలే (మాటకూ రివర్బ్ మొదలుకూ మధ్య ఖాళీ), డికే (తోక సాగే సమయం) రెండింటినీ తాళంతో కట్టేయండి. 60000ను బీపీఎంతో భాగిస్తే ఒక బీటు మిల్లీసెకన్లలో వస్తుంది. 130కి 461.5. దాన్ని 16తో భాగిస్తే 29, అదే ప్రీ డిలే. సగం బార్, అంటే రెండు బీట్లు, 923. అందులోంచి 29 తీసేస్తే 894, అంటే డికే 0.9 సెకను. ప్రీ డిలే, తోక రెండూ కలిపి సగం బార్‌లో ముగిసి తర్వాతి మాటకు చోటిస్తాయి. మూడు మూడుగా విరిగే నడక అయితే బీటును 16తో కాకుండా 12తో భాగించండి, 38 వస్తుంది. ప్రీ డిలే సున్నా పెడితే మాట మొదలూ రివర్బూ ఒకేసారి వచ్చి గొంతు వెనక్కి జరిగినట్టుంటుంది. 60 దాటితే గొంతు విడిగా, గది విడిగా వినబడతాయి.

హాల్ ప్రీసెట్ కన్నా ప్లేట్ మేలని నా గట్టి అభిప్రాయం. 1957లో జర్మనీ నుంచి వచ్చిన ఈఎంటీ 140 అనే ప్లేట్ రివర్బ్ యంత్రంలో ఉన్నది సుమారు రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు ఎత్తు ఉన్న పల్చటి ఉక్కు రేకు. రేకులో గోడలు లేవు కాబట్టి గదిలో లాగా విడివిడి ప్రతిధ్వనులు రావు, తోక మొదటి క్షణం నుంచే చిక్కగా ఉంటుంది. గోడల ప్రతిధ్వనులను గల్లీ ఎలాగూ ఇస్తుంది. పాటలో ఆ చిక్కదనం ఒక్కటుంటే చాలు. ఫ్రూటీ రీవర్బ్ 2లో దీనికి దగ్గరగా రావాలంటే ఈఆర్ (మొదటి ప్రతిధ్వనుల) నాబ్ దాదాపు సున్నా, డిఫ్యూజన్ పూర్తిగా పైకి, సైజు మధ్య కన్నా తక్కువ.

బతుకమ్మ పాటల దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. ముందు ఒకరు చరణం అంటారు, గుంపు ‘ఉయ్యాలో’ అందుకుంటుంది, నడుమ చప్పట్లు. మూడింటికీ ఒకే రివర్బ్ ఒకే మోతాదులో పోస్తే వరస చెదిరిపోతుంది. ముందు పాడేవాళ్లకు పైన చెప్పిన 0.9 సెకను ప్లేట్ తక్కువగా. గుంపుకు 1.5 సెకన్లు, ప్రీ డిలే 10 లోపు, కాస్త ఎక్కువగా, అప్పుడు వాళ్లు వెనక వలయంలో నిలబడ్డట్టు వినిపిస్తారు. చప్పట్లకు 0.4 సెకను గది చాలు. ‘ఉయ్యాలో’ చివరి ‘లో’ సహజంగానే సాగుతుంది. దానికి తోక కూడా తోడైతే తర్వాతి చరణం మొదటి అక్షరాన్ని మింగేస్తుంది. దీనికి మందు డకింగ్. రివర్బ్ తర్వాత ఒక కంప్రెసర్ పెట్టి, ముందు పాడే గొంతును సైడ్‌చైన్‌గా, అంటే ఆ కంప్రెసర్‌ను నడిపే సంకేతంగా, ఇవ్వండి. రేషియో 4:1, అటాక్ 5 మిల్లీసెకన్లు, రిలీజ్ 150–200. మాట పలుకుతున్నప్పుడు రివర్బ్ 4, 5 డీబీ అణగాలి, మాట ఆగగానే లేవాలి. పాడేవాళ్లు ‘జర ఎకో పెంచన్నా’ అన్నప్పుడు సెండ్ పెంచేముందు ఇది చేసి వినిపించండి, చాలాసార్లు వాళ్లకు కావలసింది ఇదే.

స, శ, చ అక్షరాలు రివర్బ్‌లోకి పోతే ‘స్స్’మని చిమ్ముతాయి. డీ ఎస్సర్‌ను రివర్బ్ ట్రాక్‌లో, ప్లగిన్‌కు ముందు, 5–8 కిలోహెర్ట్జ్ మీద పెట్టండి. అసలు గొంతు పదును అలాగే ఉంటుంది, తోక మాత్రం మెత్తబడుతుంది.

దప్పుకు సిటికెన పుల్ల దెబ్బే ప్రాణం. ఆ చురుకు మొదటి 10 మిల్లీసెకన్లలోనే ఉంటుంది. దానికి 20 మిల్లీసెకన్ల ప్రీ డిలేతో 0.3–0.5 సెకను చిన్న గది ఇచ్చి, వెనకే గేట్ పెట్టి 150 మిల్లీసెకన్ల దగ్గర తోక కోసేస్తే దెబ్బ పెద్దదిగా వినిపిస్తుంది, తర్వాతి దెబ్బకు అడ్డం రాదు. కిక్‌కు, సబ్ బేస్‌కు రివర్బ్ అస్సలు వద్దు.

పాత రికార్డింగు నుంచి గొంతు విడదీసి వాడుతుంటే, అందులో అప్పటి రివర్బ్ అప్పటికే ఉంటుంది. రివర్బ్‌లో రివర్బ్ వేయొద్దు. దానికి బదులు ఎనిమిదో వంతు నోటు డిలే, 130కి 231 మిల్లీసెకన్లు, ఫీడ్‌బ్యాక్ 15 శాతం, అసలు గొంతు కన్నా 15 డీబీ కిందగా. నిండుదనం వస్తుంది, మాట మసకబారదు.

మోనో చెక్ తప్పనిసరి, ఎందుకంటే బండి మీద సిస్టం చాలాచోట్ల మోనోలోనే నడుస్తుంది. ఎడమా కుడీ కలిపినప్పుడు నడిమధ్య ఉన్న గొంతు 6 డీబీ పెరిగితే, రెండు వైపులా వేర్వేరుగా ఉన్న తోక 3 డీబీయే పెరుగుతుంది. అంటే స్టీరియోలో విన్న రివర్బ్ మోనోలో 3 డీబీ తగ్గుతుంది. మరీ వెడల్పు చేసిన రివర్బ్ అయితే ఇంకా మాయమవుతుంది. బండి మిక్సుకు రివర్బ్ మోతాదు మోనోలోనే తేల్చండి. వినిపించేదాకా పెంచి, అక్కడి నుంచి 2 డీబీ దించండి.

డ్రాప్ (బీట్ ఒక్కసారిగా పడే చోటు) ముందు బిల్డప్‌లో మాత్రం చేతి నిండా పోయొచ్చు. చివరి రెండు బార్లలో స్నేర్ రోల్, గొంతు రెండింటి సెండూ పెంచుతూ పోండి, డికే 4 సెకన్లైనా ఫరవాలేదు. డ్రాప్‌కు పదహారో వంతు ముందు పూర్తిగా కోసేయాలి. ఇక్కడ జరిగే పొరపాటు సెండ్‌ను మ్యూట్ చేయడం. సెండ్ ఆపినా లోపలికి పోయిన శబ్దం తోకై డ్రాప్ మీదికి కారుతూనే ఉంటుంది. కోయాల్సింది రిటర్న్ ట్రాక్ వాల్యూమ్.

మాస్టరింగ్‌లో రివర్బ్ కలపడం నేను సిఫారసు చేయను. కిక్‌తో సహా అన్నిటికీ ఒకేసారి పడుతుంది. లిమిటర్ పీకులను 6 డీబీ అణిచిందంటే, తోక వాటికి 6 డీబీ దగ్గరగా వచ్చినట్టే. అందుకే మిక్స్ చేస్తున్నప్పుడే మాస్టర్ మీద తాత్కాలికంగా లిమిటర్ పెట్టి, 4–6 డీబీ అణిగేలా నెట్టి, రివర్బ్ రిటర్న్‌ను అప్పుడు సరిచేయండి. దాదాపు ఎప్పుడూ 2, 3 డీబీ దించాల్సి వస్తుంది. ఫైల్ మాస్టరింగ్‌కు పంపేముందు ఆ లిమిటర్ తీసేయండి. గొంతు రివర్బ్‌ను వేరే స్టెమ్‌గా (విడి ఫైలుగా) కూడా ఇస్తే, తోక లేచినప్పుడు వాళ్లే దించుకోగలరు.

128 కేబీపీఎస్ ఎంపీ3లో సన్నటి తోక గరగరలాడుతుంది. బండివాళ్లకు డబ్ల్యూఏవీ గానీ 320 గానీ ఇవ్వండి. ఎఫ్ఎల్‌లో ఎక్స్‌పోర్ట్ కొట్టేటప్పుడు టెయిల్ దగ్గర ‘లీవ్ రిమెయిండర్’ ఎంచుకోండి. ‘కట్ రిమెయిండర్’ ఉంటే చివరి మాట తోక ప్యాటర్న్ ముగిసిన చోటే టక్కున తెగుతుంది.