మిచౌంగ్ తుపాను: తీరం దాటేదాకా, దాటాక కూడా

2023 డిసెంబరు మొదట్లో బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందని వాతావరణ శాఖ (ఐఎండీ) చెప్పేసరికి మా పొలంలో సగం వరి కోసి పనల మీద (ఆరడానికి చేలో పరిచి) ఉంది, మిగతా సగం కోతకు నిలబడి ఉంది. పొలం బాపట్లకు ఉత్తరాన, సముద్రానికి దగ్గర్లో, పల్లపు నేల. అమ్మానాన్నలు అక్కడ, నేను ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో. తుపాను ఎక్కడుందో చూసి నాన్నకు ఎప్పటికప్పుడు చెప్పడం నా పని.

టీవీలో తుపాను దారి ఇదీ అని ఎర్ర గీత ఒకటి గీసి చూపిస్తారు. ఆ గీత కంటే ఐఎండీ బులెటిన్‌లో ఉండే పట్టిక నాకు ఎక్కువ పనికొచ్చింది. అందులో కేంద్రం ఉన్న అక్షాంశం, రేఖాంశం, గాలి వేగం వరసగా ఉంటాయి. సమయం యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఇస్తారు, మన లెక్కకు ఐదున్నర గంటలు కలుపుకోవాలి. తుపానుగా బలపడ్డాక మూడు గంటలకొక బులెటిన్ వస్తుంది. ఒక్కో చోటును మ్యాపులో చుక్కగా పెట్టి, రెండు చుక్కల మధ్య దూరం కొలిచేవాణ్ణి. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. ఆ దూరాన్ని గంటలతో భాగిస్తే తుపాను ఎంత నడుస్తోందో తెలుస్తుంది.

అందరూ గాలి ఎంత వేగంతో వీస్తుందనే అడుగుతారు. పల్లంలో ఉన్నవాళ్లు తుపాను ఎంత మెల్లగా కదులుతోందో కూడా అడగాలి. మెల్లగా నడిచే తుపాను ఒకే చోట గంటల తరబడి కురుస్తుంది. 4వ తేదీన మిచౌంగ్ తీరం వెంబడే మెల్లగా పైకి పాకుతుంటే చెన్నై మునిగిపోయింది. కేంద్రం అప్పటికి సముద్రంలోనే ఉంది! అది చూశాక నాకు టెన్షన్ ఇంకా పెరిగింది.

అదృష్టం కొద్దీ పనల సంగతి అంతకుముందే తేల్చుకున్నాం. 3వ తేదీకే అది తుపానుగా మారింది. నాన్న మాత్రం, "ఇక్కడ ఆకు కూడా కదలట్లేదురా, ఇంకొక్క రోజు ఆరనిస్తే గింజ బాగుంటుంది" అన్నారు. ఆయన బాధ నాకు తెలుసు, పచ్చి పన కుప్పేస్తే వేడెక్కి గింజ రంగు మారుతుంది. కానీ తడిసి మొలకెత్తే దానికంటే అదే నయమని చెప్పాను. కాసేపు ఆలోచించి కూలీలను పిలిపించారు. మెరక మీద కుప్ప వేయించి, పట్టా కప్పి, తాళ్లకు బరువైన రాళ్లు కట్టించారు. నిలబడి ఉన్న చేను జోలికి పోలేదు, అంత సమయం లేదు.

5వ తేదీ పొద్దుటి నుంచి కరెంటు లేదు. నాన్న ఫోను దొరికినప్పుడల్లా ఒకటే అడిగాను: గాలి ఎటు నుంచి? భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న మన దగ్గర, గాలికి వీపు పెట్టి నిలబడితే తుపాను కేంద్రం ఎడమ చేతి వైపు ఉంటుంది. పొద్దున ఈశాన్యం అన్నారు, తర్వాత తూర్పు. మధ్యాహ్నం బాపట్లకు దక్షిణంగా తీరం దాటింది, గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు. ఆ తర్వాత ఫోను కలిసినప్పుడు, "ఇప్పుడు ఆగ్నేయం నుంచి కొడుతోంది" అన్నారు. కేంద్రం దాటిపోతోందని అర్థమైంది.

టీవీల్లో హడావుడి అక్కడితో తగ్గింది, మాకు మాత్రం అసలు నీళ్లు అప్పుడే మొదలయ్యాయి. గాలి సముద్రాన్ని ఒడ్డుకు నెట్టినప్పుడు డ్రెయిన్లు (పొలాల నీటిని సముద్రానికి తీసుకెళ్లే కాలువలు) సముద్రంలో కలిసే నోళ్ల దగ్గర నీటిమట్టం ఎక్కువగా ఉంటుంది, పొలాల నీరు బయటికి పోదు. పైనుంచి వాన నీరు వస్తూనే ఉంటుంది. అందుకే బులెటిన్ పక్కన పెట్టి, రాడార్ చిత్రంలో మా ఎగువన ఎంత వాన ఉందో చూస్తూ కూర్చున్నాను. వాన మేఘాలు మాకు ఎగువకు జరుగుతున్నాయి, అంటే ఆ నీరూ మా మీదుగానే దిగాలి. రాత్రికి డ్రెయిన్ గట్టు ఎక్కొచ్చని చెప్పి, గొడ్లను రోడ్డు మీదికి తోలమన్నాను. తోలారు. తెల్లారేసరికి పాకలో మోకాలి లోతు నీళ్లు.

కుప్ప అడుగు వరస తడిసింది, పైదంతా నిలిచింది. కోయని చేను నేలకొరిగి నీళ్లలో ఉండిపోయింది. సముద్రం తగ్గాక డ్రెయిన్ లాగడం మొదలైంది, మడుల్లో మిగిలిన నీటిని ఇంజన్లు పెట్టి తోడించారు.